రాహేలమ్మక్క ఆది రవిక

సరే, తిండి మానేస్తే ఒళ్లు దానంతటదే దిగిపోతుందని మీరూ అనుకుంటున్నారు కదా, అయితే ముందు ఈ రవిక చూడండి. చంక కింద ఒక కుట్టు ఉంది. దాని పక్కన ఇంకో కుట్టు విప్పిన గుర్తు. దాని పక్కన మరో రెండు. విప్పినచోట గుడ్డ కొత్తదాని మాదిరి ఉంది, మిగతాదంతా ఎండకు వెలిసిపోయింది. మా పల్లెల్లో ఆడవాళ్లు టేపు పెట్టించి కొలత తీయించుకోవడం తక్కువ. ఒంటికి బాగా పట్టిన పాత రవిక ఒకటి తెచ్చి మిషను మీద పడేసి పోతారు. దాన్నే ఆది రవిక అంటాం. దాని ప్రకారమే కొత్తది కుట్టాలి. లోపల కొంచెం గుడ్డ మడిచి వదులుతాం, మనిషి ఒళ్లు చేస్తే విప్పడానికి. ఇది రాహేలమ్మక్క ఆది రవిక. నేను మిషను కుట్టేదాన్ని. ఆమె సంగతి చెప్పాలంటే నాకు దీన్ని పట్టుకుని చెప్పడమే సులువు.

ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కి మధ్యలో దిగితే మా ఊరు. రాహేలమ్మక్క ఇంటికీ నా ఇంటికీ గోడ ఒకటే. వాళ్లు చర్చికి పోతారు, మేము హులిగెమ్మ దేవరకు మొక్కుతాం, గోడ మాత్రం ఇద్దరిదీ. ఆమె భర్త గాబ్రియేలన్న పత్తి కొనే షావుకారు దగ్గర కాటా మనిషి. పత్తి తూచడమే ఆయన పని. పొద్దున్నే కాటా మీద ఖాళీ బోరెం పెడతాడు. బోరెం అంటే పత్తి నింపే పెద్ద సంచి. దాన్ని పెట్టి, బటన్ నొక్కి సున్నా చేసి, బోరెం తీసేస్తాడు. ఆ తర్వాత పత్తితో నిండిన బోరెం ఏది పెట్టినా సంచి బరువు పోయి పత్తి బరువే కనిపిస్తుంది. ఎప్పటి నుంచో ఇదే పని. నిద్రలో లేపి చెప్పినా చేస్తాడు.

ఆమె మాత్రం పొలం మనిషి. పత్తి తీయడానికి పోతే ఆమె మూట పక్క సాలు వాళ్ల మూట కన్నా ముందు నిండేది. ఊళ్లో పత్తి అయిపోగానే ఇంటికి తాళం పెట్టి, ఆడవాళ్లను వెంటబెట్టుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోయేది. పొద్దంతా వంగి కోయడం, మూట నెత్తిన పెట్టుకుని గట్టుదాకా నడవడం, సాయంత్రం కట్టెలు ఏరుకుని వచ్చి వండుకోవడం. తిండి కూడా అట్లే ఉండేది. పొద్దున జొన్న రొట్టెలు మూడు, ఊరిబిండి పచ్చడి, మధ్యాహ్నం సంగటి ముద్ద, రాత్రి అన్నం. చూసేవాళ్లకు భయం వేసేది.

"అక్కా, అంత తిండి యాడ పెడ్తాండావే?" అని నేనే ఒకసారి అడిగాను.

"నాకేం తెలుసు మే. పొలానికి పోయేటప్పటికి మళ్లీ ఖాళీ," అని నవ్వింది.

ఆ రోజుల్లో ఈ రవిక కుట్టు ఒక్కటి కూడా కదల్లేదు.

కుట్టు కదిలింది ఆమె కూతురి వల్ల. కూతురు స్తుతి కడపలో చదివి, అక్కడే ఒక ల్యాబులో రక్తం పరీక్షలు చేసే పనిలో చేరింది. మొదటి జీతంతో ఇంటికి గ్యాసు పొయ్యి తెచ్చింది. తర్వాత మిక్సీ తెచ్చింది. "అమ్మా, ఇంక నువ్వు కూలికి పోవద్దు, పోతివంటే నేను ఇంటికి రాను," అని ఒట్టు పెట్టించుకుంది. కొడుకు క్రాంతి కుమార్ లారీ తోలుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. అట్లా రాహేలమ్మక్క ఇంటిపట్టున కూర్చుంది. నీళ్ల కొళాయి వాకిట్లోకి వచ్చింది. చర్చికి కూడా ఆటోలోనే. ఒంటికి పని పోయింది గానీ తిండి మాత్రం పాతదే, రొట్టెలు మూడు మూడే. ముద్ద కూడా అంతే. దానికి తోడు ఉత్తగా కూర్చుంటే తోచక, టీవీ ముందర బొరుగులు.

మొదటి కుట్టు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు, "ఉడుక్కు ఉబ్బినాను లేమ్మే," అంది. రెండోసారి, "గుడ్డ కుదించుకుపోయిండాది," అంది. మూడోసారి మిషను మీద పడేసి పోయింది.

ఇంతలో స్తుతి కాళ్లు వాచాయి. మొహం వాచింది. పని ఎక్కువై నీరసం అనుకున్నారు. ఆ అమ్మాయి తన ల్యాబులో తన రక్తం తానే పరీక్ష చేసుకుని, కాగితం చూసి, బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. రెండు కిడ్నీలూ చెడిపోయాయి. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు ఆదోనికి పోయి, మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకోవడమే బతుకు. ఆ జబ్బులో అన్నిటికన్నా కష్టం ఏమిటో తెలుసా, నీళ్లు. ఒంట్లో చేరిన నీళ్లు బయటికి పోవు కాబట్టి రోజుకు ఒక చిన్న సీసా నీళ్లు, అంతే. మా ఊరి ఎండలో. ఆ సీసా పక్కన పెట్టుకుని మూతతో కొలిచి నాలుక తడుపుకునేది.

కర్నూలు ఆస్పత్రిలో ఇంటి వాళ్లెవరైనా ఒక కిడ్నీ ఇస్తే పిల్ల నిలబడుతుందన్నారు. గాబ్రియేలన్నకు షుగరు, ఆయన పనికిరాడు. క్రాంతి రక్తం కలవలేదు. రాహేలమ్మక్కది కలిసింది. ఆ రోజు వాళ్లు ఆస్పత్రి నుంచి రాగానే నేను గోడ దగ్గరికి పోయి అడిగాను.

"నా కిడ్నీ బాగుండాదంట మే," అంది. "నేనే బాగ ల్యానంట."

విషయం ఇది. ఆమె బరువు ఎనభై ఆరు కిలోలు. పొట్టి మనిషి. అంత బరువుతో మత్తు ఇచ్చి కోయడం మంచిది కాదు, ఆ తర్వాత మిగిలిన ఒక్క కిడ్నీ మీద భారం పడుతుంది, డెబ్బై ఐదుకు దిగి రా, అప్పుడు చూద్దాం అన్నారంట. ఆలస్యం చేయొద్దని కూడా అన్నారంట, పిల్ల ఎన్నాళ్లో అట్లా మిషను మీద ఉండడం మంచిది కాదు.

"దానికేముండాది," అంది రాహేలమ్మక్క. "తినను."

అప్పుడే వాళ్లకు శ్రమదినాలు మొదలవుతున్నాయి. ఈస్టరు ముందర ఉపవాసాలు ఉంటారు కదా, అవి. ఎప్పుడూ శుక్రవారం ఒక్కపొద్దు ఉండే మనిషి ఈసారి రోజూ పట్టింది. సాయంత్రం చర్చిలో ప్రార్థన అయ్యాక పల్చటి గంజి, అంతే. వాళ్ల పాస్టరు ఏసురాజు అయ్యగారు కూడా చెప్పి చూశాడు. "ఏమ్మా రాహేలమ్మా, ఉపవాసం దేవుని కోసం గానీ కాటా కోసమా?" అని. "రెండిటికీ పనికొస్తే తప్పేముండాది అయ్యగారూ," అని ఆమె తిప్పికొట్టింది. చర్చి బయట ఆడవాళ్లంతా నవ్వారంట.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే అక్క గాబ్రియేలన్న కాటా ఎక్కింది. షావుకారు కొట్టు ముందర, పత్తి తెచ్చిన రైతుల మధ్యలో.

"ఎనభై నాలుగు!" అని గాబ్రియేలన్న అరిచాడు.

ఒక్క పూట తినకపోతే రెండు కిలోలు పోయాయి అని ఆమెకు గాలి మీద నడిచినంత సంతోషం. అదే ఆమెను చెడగొట్టింది. ఒక పూటకే రెండు కిలోలు పోతే, పూర్తిగా మానేస్తే ఎంత పోతుందని లెక్క వేసుకుంది. సాయంత్రం గంజి కూడా సగం చేసింది. నిజంగానే మొదట్లో గబగబా దిగింది. రవిక భుజాల మీద జారింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు.

ఆ తర్వాత ఆగిపోయింది. అదే గంజి, అదే ఉపవాసం, కాటా మాత్రం కదలదు. ఇంకా తగ్గించింది, అయినా కదలదు. మనిషి మారిపోయింది. మార్చి ఎండలో దుప్పటి కప్పుకుని పడుకునేది, చలి అని. ముందు వాకిలి ఊడ్చి, అంట్లు తోమి, కోళ్లను తరిమి, నాతో గోడ మీద నుంచి గొడవ పడే మనిషి, పొద్దంతా ఒకే మూల. దువ్వెన పెడితే వెంట్రుకలు కుచ్చుగా వచ్చేవి. మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకునేది.

"ఏమక్కా, చేత కావడం ల్యాదా?"

"ఒళ్లు మొండికేసిండాది మే. నేను తినకుంటే, అది కదలకుండాది."

ఈస్టరు అయ్యాక ఆస్పత్రికి రమ్మన్న రోజు దగ్గర పడింది. కాటా ఇంకా డెబ్బై ఆరు దగ్గర నిలబడి ఉంది. ఒక్క కిలో. అప్పుడు ఆమె నీళ్లు కూడా మానేసింది. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. ఎవరికీ తెలియదు. బయల్దేరే రోజు పొద్దున కాటా ఎక్కితే డెబ్బై ఐదు. గాబ్రియేలన్న ఆమె చేయి పట్టుకుని దించాడు, కండ్లు తిరిగి పడబోయింది కాబట్టి.

స్తుతితో పాటు నేనూ వాళ్ల వెంట కర్నూలుకు పోయాను. బస్సులో ఆమె నా భుజం మీద తల పెట్టి పడుకుంది. ఆస్పత్రిలో నర్సు బరువు మిషను ఎక్కమంది. ఎక్కింది.

"డెబ్బై ఏడు," అంది నర్సు.

"డెబ్బై ఐదమ్మా. సరిగ సూడు."

"డెబ్బై ఏడేనమ్మా."

"మీ మిషను తప్పుండాది. మా ఆయప్ప కాటా మనిషి. మా దిక్కు పత్తి అంతా ఆయప్ప చేతిలోనే తూగుతాది. పొద్దున్నే తూగి వస్తిని." ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, గమ్మున నిలబడ్తివి, చెప్పు!"

గాబ్రియేలన్న మిషను వైపే చూస్తున్నాడు. ఆయన మొహంలో రంగు పోయింది.

"బోరెం," అన్నాడు.

"ఏం బోరెం?"

"పొద్దున్నే ఖాళీ బోరెం పెట్టి సున్నా నొక్కుతా గదా. నిన్ను తూచేటప్పుడు ఆ సున్నాను మళ్లీ మార్చనే ల్యా. రోజూ నీకు బోరెం తరుగు పోతాండాది. రెండు కిలోలు."

"నాకు బోరెం తరుగు కొడ్తివా?"

"అలవాటు గదమే..."

"నేనేమన్నా సంచిలో కూర్చోని వస్తినా? కట్టుకున్న పెండ్లాన్ని పత్తి మూట మాదిరి తూస్తివి గదయ్యా!"

నర్సు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. వరుసలో నిలబడినవాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. మొదటి రోజు ఒక్క పూటకే పోయిన రెండు కిలోలు ఎక్కడికి పోయాయో అప్పుడు తెలిసింది. అవి ఎక్కడికీ పోలేదు. గాబ్రియేలన్న మాత్రం నవ్వలేదు, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నవ్వు ఎక్కువసేపు లేదు. రక్తం, మూత్రం పరీక్షకు ఇచ్చాము. మూత్రం రావడానికే చాలాసేపు పట్టింది. సాయంత్రానికి డాక్టరు పిలిచాడు. ఆయన కోపంగా లేడు, దానికే ఇంకా భయం వేసింది.

"ఒంట్లో నీళ్లు లేవమ్మా. కిడ్నీ పరీక్ష బాగా రాలేదు. ఇది నీళ్లు తాగితే సర్దుకునేదే, భయపడకండి. కానీ ఇట్లాంటి మనిషి నుంచి మేము కిడ్నీ తీసుకోం. వానాకాలం పోనీ. సరిగ్గా తగ్గి రండి."

"ఇంగో రెండు కిలోలే గదా సార్..."

"నీళ్లు ఎందుకు తాగలేదు?"

గది మూలలో స్తుతి తన చిన్న సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అక్క కండ్లు ఆ సీసా మీదకు పోయాయి, వచ్చేశాయి. స్తుతి చూసింది. ఆ పిల్లకు అర్థమైపోయింది. బరువు కోసం మానేసింది సగమే. ఇంకో సగం, కూతురు మూతతో కొలుచుకుని తాగుతుంటే తాను చెంబెత్తి తాగలేక.

"నేను తాగగూడదు గాబట్టి తాగను," అంది స్తుతి. "నీకేమొచ్చె? నాకియ్యాల్సిన దాన్నే ఎండబెడ్తాండావా అమ్మా? పత్తి కట్టె మాదిరి ఎండబెట్టి ఇస్తే నేనేం జేసుకునేది?"

"అరవొద్దులే," అంది రాహేలమ్మక్క.

"అరుస్తా. ఊరంతా వినల్ల."

ఆ తర్వాత తిండి గురించి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపారు. పేరు శివజ్యోతి. పత్తికొండ దిక్కు పిల్ల, మా మాటే మాట్లాడింది. రోజంతా ఏం తింటావు, ఎంతసేపు నిద్రపోతావు, ఏం పని చేస్తావు అని అన్నీ అడిగింది. గంజి, నిద్ర పట్టదు, పని లేదు అని మూడు ముక్కల్లో చెప్పింది అక్క.

"కరువు సంవత్సరం మీ ఇంట్లో ఎట్ల గడుపుకుంటిరమ్మా?" అని అడిగింది శివజ్యోతి.

"ఎట్లనేముండాది. జొన్నలు తక్కువుంటే అంబలి పల్చగ కాస్తాము. పిల్లోళ్లను బిరీన పండుకోబెడ్తాము, ఆకలని అడక్కుండా. ఎద్దులకు మేత తగ్గిస్తాము. అప్పటికీ జరక్కపోతే ఎద్దును అమ్ముతాము."

"నీ ఒళ్లూ అదే చేసిండాది. నువ్వు పిల్లకు కిడ్నీ ఇయ్యాలని తినడం మానుకుంటివని దానికి ఏం తెలుసు? కరువొచ్చెననుకునె. ఊరికే పండుకున్నా గుండె కొట్టుకోవల్ల, ఊపిరాడల్ల, ఒంట్లో వేడి నిలవల్ల. మనం తినేదాంట్లో ఎక్కువ భాగం దానికే పోతాది. నువ్వు తిండి ఆపేస్తే అది ఖర్చు తగ్గించుకునె. అందుకే చలి. అందుకే నిన్ను మూలన పండబెట్టె. అప్పటికీ చాలకపోతే ఎద్దును అమ్మె."

"ఎద్దు యాడిది నా ఒంట్లో?"

"కండ. తొడల్లో, చేతుల్లో. కొవ్వు కొంత పోయింది నిజమే, దాంతో పాటు కండ కూడా కరిగించుకుని తిన్యాది. పని చేసేది కండ, కూర్చున్నా తిండి ఖర్చు పెట్టేది కండ. ఎద్దును అమ్ముకుంటే రేపు సేద్యం ఎట్ల జేస్తావు?"

రాహేలమ్మక్క తన చేయి పట్టుకుని నొక్కి చూసుకుంది. పత్తి మూటలు మోసిన చేయి. మెత్తగా ఉంది.

"మళ్లీ కొంటే వస్తాదా ఎద్దు?" అని అడిగింది.

"వస్తాది. గుడ్లు తినల్ల, పప్పు, ఉడకబెట్టిన శనగలు. రొట్టె ఒకటి, కూర నిండా. బొరుగులూ, టీలో చక్కెరా ఆపల్ల. నీళ్లు తాగల్ల. రాత్రి నిద్రపోవల్ల. పని చేయల్ల."

"తిని తగ్గమంటాండావా?"

"తినే తగ్గమంటాండా."

"ఇదేం చోద్యమే తల్లీ," అంది నా వైపు చూసి.

ఇంకో మాట కూడా చెప్పి పంపింది శివజ్యోతి. లోడు లారీ తాగినంత డీజిల్ ఖాళీ లారీ తాగదు కదా, నువ్వు తేలికయ్యే కొద్దీ నీ ఒంటికి కావలసిన తిండీ తగ్గుతుంది, అందుకని మొదట దిగినంత వేగంగా తర్వాత దిగదు, అప్పుడు భయపడి మళ్లీ గంజి పట్టుకోవద్దు అని. లారీ తోలే కొడుకు ఉన్నాడు కాబట్టి ఆ మాట ఆమెకు బాగా పట్టింది.

ఊరికి వచ్చాక ఆమెకు కష్టమైంది గుడ్లూ కాదు, పనీ కాదు, నీళ్లు. మర్నాడు పొద్దున స్టీలు చెంబు పట్టుకుని నా వాకిట్లోకి వచ్చింది.

"నీళ్లు పొయ్యి మే."

"మీ కుండలో ల్యావా?"

"ఉండాయి. ఆడ తాగితే దాని కండ్లు నా గొంతు మీద ఉంటాయి."

అప్పటి నుంచి నా ఇంట్లోనే తాగేది. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, గుటక చప్పుడు రాకుండా తాగేది. గోడ అవతల స్తుతికి వినిపించకూడదని. కొన్నాళ్లకు ఒకరోజు గోడ అవతల నుంచి మాట వచ్చింది.

"చిన్నమ్మా, మా అమ్మకు ఇంగో చెంబు పొయ్యి. రెండే గుటకలు వినపడినాయి."

అక్కకు పొలమారింది. దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. అయినా నా ఇంటికే వచ్చి తాగింది, చివరిదాకా.

నీళ్లూ తిండీ మొదలుపెట్టగానే బరువు పెరిగింది. గాబ్రియేలన్న ఈసారి కాటాను మూడుసార్లు సున్నా చేసి, తువ్వాలతో తుడిచి, మళ్లీ చూసి చెప్పాడు, "డెబ్బై తొమ్మిది."

"బోరెం తీస్తివా?"

"తీస్తి. యేసయ్య తోడు."

ఆమె మూడు రోజులు కాటా దిక్కే పోలేదు. స్తుతి శివజ్యోతికి ఫోను చేసింది. అది ఎండిపోయిన ఒంట్లోకి తిరిగి వచ్చిన నీళ్ల బరువు, అది రావాల్సిందే అని చెప్పిందంట. నాకైతే అర్థం కాలేదు గానీ, అక్క మొహం మీద ఎండుదనం పోయి, పెదవులు తడిగా కనిపించాయి. అది మాత్రం నాకు కనిపించింది.

మే నెలలో ఉపాధి పని మొదలైంది. ఊరి బయట గుట్ట కింద నీళ్ల గుంతలు తవ్వడం. రాహేలమ్మక్క గడ్డపార పట్టుకుని పోయింది. అక్కడ గిడ్డమ్మ అని ఒకామె, నోరు పెద్దది, అందరి ముందర అడిగింది.

"ఏం రాహేలక్కా, బిడ్డ సంపాదన అయిపాయనా? మళ్లీ మట్టి మోయవస్తివి?"

"అయిపోల్యా. నా ఒంటి మీదనే ఉండాది ఇంకా," అని పొట్ట మీద చేయి వేసి చూపించింది. "దాన్ని దించను వస్తి."

గిడ్డమ్మ పక్క గుంతలో నిలబడి తట్ట అందుకుంది.

మొదటి వారం నాలుగు గడ్డపార దెబ్బలకే కూర్చునేది. ఎండ ముదరకముందే ఇంటికి పంపేవాళ్లు. మెల్లగా తట్ట ఎత్తింది. వానలు పడ్డాక వేరుశనగలో కలుపు తీయడానికి పోయింది. ఇంటికి వచ్చి గుడ్లు, శనగలు, ఒక రొట్టె. నిద్ర దానంతటదే పట్టేది. బరువు వారానికి ఒకసారే చూసుకునేది. కొన్ని వారాలు కదిలేది కాదు, ఒక వారం పైకి కూడా పోయింది. గాబ్రియేలన్నే భయపడేవాడు, ఆమె కాదు. "లారీ తేలికవుతాండాది లేయ్యా, తొందరపడొద్దు," అనేది. కాటాకు కనపడని మార్పు నాకు రవికలో కనిపించింది. నడుము దగ్గర వదులైంది, చేతుల దగ్గర బిగుసుకుంది. చేతిలో కండ తిరిగి వచ్చింది.

స్తుతి మాత్రం తగ్గుతూ వచ్చింది, అది మంచి తగ్గడం కాదు. ఆదోని నుంచి వచ్చిన సాయంత్రం మంచం మీద నుంచి లేచేది కాదు. ఒకసారి ఊపిరి ఆడక రాత్రికి రాత్రి తీసుకుపోయారు. ఆ వారం అక్క మళ్లీ తిండి మానేస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆమె నా ఇంటికి వచ్చి, చెంబు నీళ్లు తాగి, కొంగులో తెచ్చుకున్న గుడ్డు అక్కడే ఒలుచుకుని తింది. నేను మిషను తొక్కుతూ చూడనట్టు ఉన్నాను.

వినాయక చవితి పోయాక కర్నూలులో బరువు చూశారు. డెబ్బై నాలుగు. గాబ్రియేలన్న ఆ మిషను కింద వంగి, ఏమైనా ఉందేమోనని చూశాడంట. పరీక్షలన్నీ బాగా వచ్చాయి. కాగితాల పని ఉంది, పిలుస్తాం, ఫోను దగ్గర పెట్టుకోండి అన్నారు.

పిలిచిన రోజు పొద్దున్నే ఆమె నా దగ్గరికి నాలుగు రవికలు తెచ్చింది. ఒంటి మీద ఉన్నదానికి వీపు దగ్గర రెండు పిన్నులు పెట్టుకుంది, అంత వదులు. ఆది రవిక కూడా తెచ్చి మిషను మీద వేసింది.

"అన్నీ పట్టెయ్యి మే. పిన్ను గుచ్చుకుంటాండాది."

"ఎంత పట్టేది? ఈ ఆదికి కుడితే నీకు గౌను మాదిరి ఉంటాది."

"ఇంగ ఈ ఆది పనికిరాదు. టేపు తీసిపెట్టు. పొలానికి పోయి వచ్చి సాయంత్రం కొలత ఇస్తా."

కుట్లు విప్పి పెట్టు, వస్తా అని కొడవలి పట్టుకుని పోయింది. మధ్యాహ్నం ఫోను వచ్చింది, రేపు పొద్దుటికి ఆస్పత్రిలో ఉండాలని. క్రాంతి జీపు మాట్లాడాడు. పొలం నుంచి ఆమెను అట్లే తీసుకుపోయారు, కాళ్ల మీద మట్టితో, వీపు మీద పిన్నులతో. జీపు నా వాకిలి ముందర ఆగలేదు. చేయి మాత్రం బయటపెట్టి ఊపింది.

ఆపరేషను అయింది. గాబ్రియేలన్న ఫోను చేసి చెప్పాడు. పిల్లకు పెట్టిన కిడ్నీ ఆ గంటలోనే పని మొదలుపెట్టిందంట. ఇప్పుడు స్తుతిని ఎన్ని నీళ్లయినా తాగమంటున్నారంట. "తాగు తాగు అంటే తాగుతాండాది, ఆయమ్మ పక్కన కూర్చోని చూస్తాండాది," అన్నాడు. ఆస్పత్రి దగ్గరే ఒక గది తీసుకుని ఉన్నారు, పిల్లను వారం వారం చూపించాలి, అక్కే వండిపెడుతోంది. ఎప్పుడు వస్తారో ఇంకా తెలియదు.

నేను కూడా ఫోనులో అడిగాను. "అక్కా, రవికలు ఎట్ల చేసేది? కొలత ఫోనులో చెప్తావా?"

"వద్దు మే. కోసినచోట ఇంకా వాపుండాది. ఇప్పుడు కొలిస్తే తప్పు కొలతే వస్తాది. వచ్చినాంక ఇస్తా."

నాలుగు రవికలకూ కుట్లు విప్పేశాను. చంకల దగ్గర రెండు ముక్కలుగా తెరుచుకుని దండెం మీద వేలాడుతున్నాయి. దుమ్ము పడకుండా పైన పాత చీర కప్పాను. టేపు ఆమె చెప్పిన రోజు తీసిపెట్టింది తీసిపెట్టినట్టే, మిషను మీద ఉంది.